తమ్ముడి మూతి, అమ్మ కిడ్నీ

మా గల్లీలో నన్ను డాక్టరమ్మ అంటారు. నేను చదివింది పదో తరగతి, అదీ మరాఠీ బడిలో, రెండో దండయాత్రకు గట్టెక్కాను. భివండీ కామత్‌ఘర్‌లో ఒక మందుల దుకాణంలో పద్దెనిమిదేళ్లుగా కౌంటర్ వెనక నిలబడుతున్నాను. నిలబడి నిలబడి కాళ్ల నరాలు ఉబ్బాయి గానీ బుర్రలోకి ఏమీ ఎక్కలేదని తెలియడానికి మా అమ్మ కిడ్నీ ఒకటి ఖర్చయింది.

ఆ పిలుపంటే నాకు ఇష్టంగానే ఉండేది, అబద్ధమెందుకు. సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాళ్లకు డాక్టరు దగ్గర వరుసలో కూర్చునే తీరిక ఉండదు. పన్నెండు గంటల పాళీ దిగగానే, చెవుల్లో సాంచాల మోత ఇంకా ఆగకముందే, వచ్చి అరచేయి చాపుతారు. "అక్కా, జ్వరానికి రెండియ్యి." "అక్కా, నడుముకు మూడియ్యి." నేను కత్తెరతో గోలీల పట్టీ కత్తిరించి చేతిలో పెడతాను. మందు పేరు వాళ్లకు అక్కర్లేదు, గోలీ రంగు చాలు. మొత్తం పట్టీ కొనేవాణ్ని మా దుకాణంలో అందరూ వింతగా చూస్తారు.

నాకు ఒక్కడే తమ్ముడు, పదకొండేళ్లు చిన్నవాడు. పెళ్లయిన రెండేళ్లకే మొగుణ్ని వదిలేసి నేను ఇంటికి తిరిగొచ్చేసరికి వాడు చెడ్డీలో తిరుగుతున్నాడు. నేనే వాణ్ని పెంచానని చెప్పుకుంటాను. ఇరవై ఆరేళ్లకు వాడి కాళ్లు వాచాయి, ముఖం ఉబ్బింది, రెండు కిడ్నీలూ ఎండిపోయాయని ముంబైలోని పెద్దాసుపత్రిలో చెప్పారు. నాయిన అప్పటికే పోయాడు. అమ్మది సరిపోయింది, అమ్మ ఇచ్చింది.

ఇచ్చి మరిచిపోయే మనిషి కాదు మా అమ్మ. ఆపరేషన్ తర్వాత ఆమె వాణ్ని "ఎట్లున్నవ్ రా" అని అడగడం మానేసింది. పొద్దున లేవగానే వాడి పక్క దగ్గరికి పోయి, "నాది ఎట్లున్నదిరా?" అనేది. మొదట్లో వాడు నవ్వి, "మంచిగున్నదమ్మా, నిన్నే యాది చేస్తున్నది" అనేవాడు. వాడు నీళ్లు తక్కువ తాగితే "నాదాన్ని ఎండబెడుతున్నవా" అని తిట్టేది. గట్టిగా నవ్వితే "మెల్లగ, లోపల నాది ఉన్నది" అనేది. ఏడాది తిరిగేసరికి వాడు జవాబివ్వడం మానేసి తల ఊపేవాడు.

ఇంకొకరి కిడ్నీని ఒళ్లు బయటికి నెట్టేయకుండా వాడు బతికినంతకాలం మందులు మింగాలి. ఆ మందులు ఒంట్లో కాపలావాణ్ని నిద్రపుచ్చుతాయి. అందుకని చిన్న రోగం కూడా వాడికి చిన్నది కాదని, దుమ్ములోకి పోవద్దని, ఏదొచ్చినా సరే ముందు తమ దగ్గరికే రావాలని ఆసుపత్రిలో మరీ మరీ చెప్పి పంపారు. భివండీలో దుమ్ము లేని చోటు ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. ఏడాదిన్నర ఇంట్లో కూర్చుని గోడలు చూసి, అమ్మ "నాది, నాది" విని విని, వాడు మళ్లీ సాంచాలకే పోయాడు. వాడికి తెలిసిన పని అదొక్కటే.

ఆ పనిలో ఒక అలవాటుంది, బయటివాళ్లకు చెబితే ఛీ అంటారు. సాంచాలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో దారం కండె అయిపోతే కొత్త కండె పెట్టి, దారం కొసను నాడె పక్కనున్న చిన్న కంతలోంచి బయటికి లాగాలి. దానికి ఇనుప తీగ కొక్కెం ఉంటుంది. ఎవరూ వాడరు. కంతకు నోరానించి ఒక్క చీకు చీకితే దారం నాలుక మీదికి వచ్చేస్తుంది. నాలుగు సాంచాలు ఒక్కడే చూసుకునేవాడికి కొక్కెం వెతికే పొద్దు ఎక్కడిది? పాళీ మారగానే అదే నాడె ఇంకొకడి నోట్లోకి పోతుంది. మావాళ్లు ఒకరి ఎంగిలి గ్లాసులో ఇంకొకరు నీళ్లు తాగరు గానీ, ఒకరు చీకిన నాడెను ఇంకొకరు నిశ్చింతగా చీకుతారు.

సాంచాలకు పోయిన నాలుగో నెలలో తమ్ముడి కింది పెదవి మూలన నీటిపొక్కులు గుంపుగా లేచాయి. పక్కింటి ముసలామె చూసి సర్పి అంది, జాజు పూయమంది. ఇది లోకంలో చాలామందికి వచ్చేదే. ఒకసారి ఒంట్లోకి దూరితే నరం మొదట్లో దాక్కుని, జ్వరమొచ్చినప్పుడో అలసిపోయినప్పుడో మళ్లీ మూతి మీదికి వస్తుంది. మామూలు మనిషికి వారంలో మాడిపోతుంది. తమ్ముడి ఒంట్లో కాపలావాడు నిద్రపోతున్నాడు కదా, వాడికి మాడలేదు. పెదవి సగం పుండయింది.

ఆసుపత్రివాళ్లు తెల్లగోలీలు రాశారు. రోజుకు ఐదు, పది రోజులు, ఒక్కటి కూడా మిగల్చకుండా వేసుకుని మళ్లీ వచ్చి చూపించమన్నారు. వాడు అట్లాగే చేశాడు, మూతి బాగయింది. నేను ఆ చీటీ మీది పేరు చూసుకున్నాను. అదే గోలీ మా దుకాణంలో మూడో అరలో ఉంది. నా డాక్టరీ చదువు ఆ రోజుతో పూర్తయింది.

ఈలోగా పనిచోట వాడి బతుకు కుక్క బతుకైంది. పగటిపాళీవాడు, అంతకుముందు వాడితో ఒకే బీడీ పంచుకున్నవాడు, అందరి ముందు నాడెను కింద పడేశాడట. "వాని మూతి సూడుండ్రి. ఏడేడ తిరిగి తెచ్చిండో. గలీజ్ బీమారీ. ఆ నాడె నేను ముట్ట" అన్నాడట. అదే మూతి రోగం నెలకింద ఆ పగటిపాళీవాడి పెదవి మీదే ఉండేదని, నా దగ్గరే మంటకు రెండు గోలీలు తీసుకుపోయాడని నాకు తెలుసు. సాంచాల యజమాని సేఠ్ కూడా మూతి సాఫ్ అయ్యాక రమ్మన్నాడు. మేం పోయే చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర అందరూ ఒకే గిన్నెలోంచి తాగుతారు. సంఘపెద్ద తమ్ముడి ముందుకొచ్చి, పెదవి చూసి, "ఈసారికి వద్దు తమ్మీ" అని గిన్నెను పక్కవాడికి అందించాడు. ఇంటికొచ్చాక అమ్మ వాణ్ని ఓదార్చలేదు. "మూతి మూసుకొని కూసో. నాదానికి చెడ్డపేరు తెచ్చినవ్" అంది.

కాబట్టి మరుసటిసారి పెదవి చిమచిమలాడగానే వాడు ఆసుపత్రికి పోలేదు. దుకాణానికి వచ్చాడు. అందరిలాగే కౌంటర్ మీద అరచేయి చాపాడు.

"అక్కా, మల్లొస్తున్నది. పొక్కు లేవకముందే ఆపాలె. రేపు పాళీకి పోకుంటే సేఠ్ ఇంకొకన్ని పెట్టుకుంటడు."

"ముంబైకి పోరా. డాక్టర్ చెప్పిండు గద."

"ముంబైకి పోతే రెండు దినాలు పోతయ్. నువ్వు లేవా నాకు?"

నువ్వు లేవా నాకు అన్నాడు. ఆ మాటతో నేను పడిపోయాను. మూడు గోలీలు కత్తిరించి ఇచ్చాను. రెండు రోజుల్లో పొక్కు ఎండింది. "ఎండిందా?" అన్నాను. "ఎండింది" అన్నాడు. "ఇగ ఆపెయ్యి. ఉత్తగ కిడ్నీ మీద ఎందుకు బరువు" అన్నాను. అక్కడ నేనెంత జాగ్రత్తపడ్డానో చూడండి. గోలీలు ఎన్ని తక్కువైతే అమ్మ కిడ్నీకి అంత మేలని లెక్క వేసుకున్నాను. పది రోజులు వేసుకోమన్న డాక్టరు కంటే నాకే ఎక్కువ దయ ఉందనుకున్నాను.

రెండేళ్లు అట్లాగే నడిచింది. ఎన్నిసార్లు ఇచ్చానో నాకే గుర్తు లేదు. మూడు, రెండు, ఒక్కోసారి ఒకటే. ఆసుపత్రిలో తనిఖీకి పోయినప్పుడు మూతి బాగున్న రోజు చూసుకుని పోయేవాడు, వాళ్లడిగితే ఏమీ లేదనేవాడు. అట్లా చెప్పమన్నది నేనే. చెబితే పనికి పోవద్దంటారు కదా.

తర్వాత రెండు రోజుల్లో ఎండేది నాలుగు రోజులు పట్టసాగింది. కంపెనీ నకిలీ మందు పంపుతోందని తిట్టి ఇంకో కంపెనీది ఇచ్చాను. తర్వాత ఐదు గోలీలకూ కదల్లేదు. పైపూత ఇచ్చాను. వానలు మొదలైన వారంలో పొక్కులు పెదవి దాటి లోపలి బుగ్గకు, నాలుకకు, కొండనాలుక దాకా పాకాయి. వాడు ఉమ్మి మింగలేక గిన్నె పట్టుకు కూర్చునేవాడు. ఉమ్మి మింగలేనివాడు కిడ్నీని కాపాడే గోలీలు ఎట్లా మింగుతాడు? అప్పుడు నాకు భయం పుట్టింది. అప్పటిదాకా భయం లేకపోవడమే నా తెలివితక్కువతనానికి గుర్తు.

షేర్ ఆటోలో బయల్దేరాం. కాశేలి వంతెన మీద గోదాముల లారీల మధ్య గంటన్నర ఇరుక్కున్నాం. తమ్ముడు తువ్వాలు మూతికి కట్టుకున్నాడు, దాని మీద చీము మరక దిగింది. ఎదురుగా కూర్చున్న ఆడమనిషి కొంగు ముక్కుకు పెట్టుకుంది. అమ్మ ఆమెను లెక్కచేయకుండా, ఆటో కుదుపుకు కొడుకు పక్కలో చేయి అడ్డం పెట్టి, "జర జరుగుండ్రి, నాదానికి దెబ్బ తగులుతది" అంటూ దారంతా అందరినీ జరిపింది. కొడుకు మూతి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆసుపత్రిలో అదే తెల్లగోలీ మందును సెలైన్‌లో ఎక్కించారు. వారం రోజులైనా పుండు మానలేదు సరికదా, ఇంకా పెరిగింది. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోశారు. పుండులోంచి దూదితో తీసి పెద్ద పరీక్షకు పంపారు. జవాబు వచ్చేదాకా కిడ్నీ మందులు కొంచెం తగ్గించి చూశారు. జవాబు వచ్చిన రోజు డాక్టరు మమ్మల్ని మంచం దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు. చిన్నవయసు మనిషి, కోపాన్ని దాచుకోవడం ఇంకా నేర్చుకోలేదు.

ఈ క్రిమి ఆ మందుకు లొంగడం మానేసిందన్నాడు. మందు సరిగ్గా, నిండుగా పడితే అణిగిపోయేదట. కాపలా లేని ఒంట్లో కొంచెం కొంచెం మందు వేసి ఆపేస్తూ పోతే బలహీనమైనవి చచ్చి మొండివి మిగులుతాయి, ఆ మొండివే పిల్లలు పెడతాయి. నాకు మేముండే చాల్ గదుల్లో నల్లులు గుర్తొచ్చాయి. మంచం కోళ్లకు కాస్త మందు కొట్టి మిగతాది దాచుకుంటాం, బతికిన నల్లులు మళ్లీ ఏ మందుకూ చావవు. ఇది నాకు తెలుసు. పద్దెనిమిదేళ్లు మందులమ్మి, నల్లుల సంగతి తెలిసీ, నా తమ్ముడి మూతి సంగతి తెలుసుకోలేకపోయాను.

"ఇంతకాలం ఆ గోలీలు ఎవరిచ్చారు?" అని హిందీలో అడిగాడు డాక్టరు.

తమ్ముడికి నోరు రాదు. నా వైపు చూశాడు. తర్వాత చేయెత్తి తన ఛాతీ మీద తనే వేలు పెట్టుకున్నాడు.

అప్పుడు నేను చేసింది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. నేను నోరు మూసుకుని ఉంటే సగం పాపమే అయ్యేది. నేను వాడి భుజం మీద చెళ్లున కొట్టాను. "ఎన్నిసార్లు చెప్పిన రా నీకు! డాక్టర్‌ను అడగకుండ మింగొద్దని ఎన్నిసార్లు చెప్పిన! అమ్మ కోసిచ్చింది గిందుకేనా?" అని వార్డంతా వినబడేట్టు అరిచాను. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు. మంచం మంచానికీ తలలు లేచాయి. తమ్ముడు కళ్లు దించుకున్నాడు, గొట్టం పెట్టిన ముక్కులోంచి నీళ్లు కారాయి. డాక్టరు నన్ను మెచ్చుకున్నట్టు చూశాడు. ఇంట్లో ఒక్కరైనా బుద్ధున్నవాళ్లు ఉన్నారనుకుని ఉంటాడు. అమ్మ బల్ల మీద కూర్చుని కొడుకును కాదు, నన్నే చూసింది.

ఇంకొక మందు ఉందన్నాడు డాక్టరు. దాని పేరు నేనెప్పుడూ వినలేదు. రోజూ గంటల తరబడి నరంలోకి ఎక్కించాలి, మూడు వారాలు. పుండు మానొచ్చు. కానీ ఆ మందుకు కిడ్నీ అంటే పడదు. నీళ్లు ఎక్కిస్తూ, రోజూ రక్తం చూస్తూ ఇస్తామనీ, అయినా కిడ్నీ దెబ్బతినొచ్చనీ, పోవచ్చనీ చెప్పాడు. ఇవ్వకపోతే పుండు గొంతులోంచి కిందికి దిగుతుంది. ఆలోచించుకుని సంతకం పెట్టమని పోయాడు.

అమ్మ ఆలోచించుకోలేదు.

"వద్దు. ఆ మందు వద్దు" అంది. "మూతి అట్లనే ఉండనీ. గొట్టంల పాలు పోస్తుండ్రు గద, బతుకుతడు. నాదాన్ని మాత్రం ముట్టొద్దు."

"అమ్మా, గొంతు కిందికి పోతది అంటుండ్రు" అన్నాను.

"నువ్వు మాట్లాడకు."

తమ్ముడు కాగితం అడిగాడు. వాడికి తెలుగు అక్షరాలు రావు, మరాఠీ అక్షరాలతోనే తెలుగు రాస్తాడు. అమ్మకు ఏ అక్షరాలూ రావు. చదివి వినిపించాల్సింది నేనే. కాగితం మీద ఒకే ముక్క ఉంది.

"ఆకలైతున్నది, అంటుండు" అన్నాను.

"ఆకలి అందరికైతది" అంది అమ్మ.

వాడు ముప్పై రెండేళ్లవాడు. సంతకం వాడిదే చెల్లుతుంది. నర్సును చేయి ఊపి పిలిచి, అమ్మ చూస్తుండగానే పెట్టాడు. అమ్మ లేచి గోడవైపు తిరిగి నిలబడింది. ఆ నిలబడిన మనిషి నడుం మీద చీర జారి, కోత మచ్చ కనబడింది. దాన్ని చూడకుండా ఉండేందుకు నేను వార్డు బయటికి పోయాను.

రెండో వారానికి పుండు మాడడం మొదలైంది. మూడో వారానికి పెదవులు విడివడ్డాయి, నాలుక కదిలింది. రోజూ పొద్దున అమ్మ నర్సు దగ్గరికి పోయి రక్తం పరీక్షలో కిడ్నీ అంకె ఎంతుందో అడిగేది. అది రోజూ పెరిగేది. ఆ అంకె పెరగడమంటే కిడ్నీ తరగడమని అమ్మకు మా గల్లీలో అందరికంటే బాగా తెలుసు. నోరు తెరిచి తమ్ముడు నాతో అన్న మొదటి మాట, "అక్కా, పచ్చిపులుసు చేసుకొస్తవా, కోడికూర కూడ." ఆ సాయంత్రమే డాక్టరు వచ్చి, కిడ్నీ నిలవలేదనీ, ఇక వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పదనీ చెప్పాడు. దానితోపాటే చీటీ ఇచ్చారు. ఉప్పు తగ్గించాలి. చింతపండు, టమాట, అరటిపండు వద్దు, పప్పు తగ్గించాలి, నీళ్లు కొలిచి తాగాలి. నెలన్నర నోరు లేక తినలేదు. నోరొచ్చింది, తిండి పోయింది.

ఉప్పు లేని అన్నం వాడి నోట్లో పెట్టింది నేనే. వాడు నమిలి, మింగి, "మంచిగున్నది" అన్నాడు. నేను చేసిన పని ఒప్పుకుని క్షమించమని అడగాలని ఆ రోజు అనుకున్నాను, ఆ తర్వాత చాలా రోజులు అనుకున్నాను. అడగలేదు. వాడు కూడా ఏనాడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

అమ్మ మాత్రం పొద్దున లేచి వాడి పక్క దగ్గరికి పోవడం మానేసింది. వాడితో మాట్లాడటానికి ఆమెకు ఇప్పుడు పనేమీ లేనట్టు ఉంటుంది. కొన్నాళ్లు వాడు అలవాటు కొద్దీ పొద్దున్నే కళ్లు తెరిచి ఆమె వస్తుందేమోనని ఎదురుచూసేవాడు.

ఇంకో విచిత్రం జరిగింది. కాపాడాల్సిన కిడ్నీ లేదు కాబట్టి కాపలావాణ్ని నిద్రపుచ్చే మందులు ఆసుపత్రివాళ్లు ఒక్కొక్కటే తీసేశారు. ఒంట్లో కాపలావాడు లేచాడు. మూతి మీద మళ్లీ పొక్కు లేవలేదు. పెదవులు చిన్నపిల్లవాడి పెదవుల్లా నున్నగా అయ్యాయి. చర్చిలో గిన్నె కూడా ఇప్పుడు వాడి ముందు ఆగుతుంది. నీళ్లు కొలిచి తాగాలి కాబట్టి వాడు పెదవి తడిపి ఇచ్చేస్తాడు.

మొన్నొక ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా వరసలో చివరి ఖోలీలో ఉండే ఆమె మా ఇంటికొచ్చింది. ఆమె మొగుడు సాంచాల మీద పనిచేస్తాడు, పై పెదవి మీద పొక్కులు లేచాయట. తమ్ముడు లోపల పడుకున్నాడు. అమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆమె అమ్మను దాటి వచ్చి నా ముందు అరచేయి చాపింది.

"డాక్టరమ్మా, నీ తమ్మునిది ఎంత ఖరాబు మూతి, ఇప్పుడు ఎంత సాఫ్ అయింది! గల్లీల అందరం గదే అనుకుంటున్నం. ఏమిచ్చినవో నాగ్గూడ జర ఇయ్యవా?"

చేటలో బియ్యం చప్పుడు ఆగింది.

"నా కిడ్నీ ఇచ్చింది" అంది అమ్మ, తలెత్తకుండా. "మూడు మూడు గోలీలు చేసి ఇచ్చింది. ఇంకొకటున్నది నా దగ్గర. గావాల్నా నీకు?"

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ముసలామెకు మతి తప్పిందనుకుని నవ్వింది. చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు.